ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవారిని హోమ్‌లో చేర్చే ముందు

- ముందుగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది లేకుండా ఇలాంటి హోమ్ నడపకూడదు. గోడకు ఫ్రేమ్ ఉంటే సరిపోదు, గడువు తేదీ చదవండి.

- రెండోసారి చెప్పకుండా వెళ్ళండి, రాత్రి భోజనాల వేళకైతే మరీ మంచిది. రంగులేసిన గోడలు ఎవరైనా చూపిస్తారు. మీరు బాత్‌రూమ్ చూడండి. తలుపు సరిగ్గా పడుతోందా? ఎవరి సబ్బు, ఎవరి తువ్వాలు వాళ్ళకున్నాయా? బట్టలు అందరికీ ఒకే మూటలోంచి తీసి తొడుగుతున్నారా? పొద్దస్తమానం టీవీ ముందు వరసగా కూర్చోబెట్టి దాన్నే యాక్టివిటీ అంటే నమ్మకండి.

- రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు? ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు?

- కోపం వచ్చి కొట్టుకుంటే ఏం చేస్తారని అడగండి. గదిలో పెట్టి గొళ్ళెం వేస్తామన్నా, డాక్టర్ రాయని మత్తు మాత్ర ఇస్తామన్నా ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి.

- మాటలు రానివారైతే వాళ్ళ సైగలు ఒక పేజీలో రాసివ్వండి: చెవులు మూసుకుంటే శబ్దం ఎక్కువైందని, గ్లాసు తిప్పితే దాహమని. ఈ కాగితం ఆయా చేతికి చేరాలి, ఫైల్లోకి కాదు.

- 18 ఏళ్ళు నిండాయా? ఇలాంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్రం తెచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి గార్డియన్‌షిప్ (వాళ్ళ బాగోగులు చూసే చట్టబద్ధమైన సంరక్షక బాధ్యత) కోసం దరఖాస్తు పెట్టండి. లక్ష రూపాయల వరకు వచ్చే నిరామయ ఆరోగ్య బీమా కూడా చూసుకోండి.

- ‘మొదటి మూడు నెలలు కలవొద్దు, అలవాటు పడాలి’ అనే చోట డబ్బు కట్టకండి.