నల్లబొమ్మల ప్రింట్లు: సమస్య - పరిష్కారం

ఆకాశంలోకి తేలిపోయే కన్ను బెలూన్, దాని కింద పళ్లెంలో వేలాడే తల; పది కాళ్లతో నవ్వే సాలీడు. ఫ్రెంచ్ చిత్రకారుడు ఒడిలాన్ రెడాన్ (1840-1916) బొగ్గుతో, లిథోగ్రాఫ్‌లో (రాతి అచ్చులో) వేసిన ఈ నల్లబొమ్మలకు ఇప్పుడు కాపీరైట్ లేదు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ లాంటి మ్యూజియంలు కొన్నిటి ఫైళ్లు ఉచితంగానే ఇస్తున్నాయి. చిక్కంతా ప్రింట్ దగ్గర వస్తుంది. ఈ బొమ్మల్లో భయం, భక్తి రెండూ దాగి ఉండేది నలుపు పక్కనున్న నలుపులో. అది పోతే బొమ్మే పోయినట్టు.

స్క్రీన్ మీద కనిపించిందంతా ప్రింట్‌లో నల్లటి ముద్దయింది

అందరికీ ఎదురయ్యేది ఇదే. మొదటి కారణం స్క్రీన్ వెలుగు. కాగితానికి సొంత వెలుగు ఉండదు కాబట్టి బ్రైట్‌నెస్ నిండా పెట్టుకుని చూస్తే మోసపోతాం. స్క్రీన్ పక్కన ఒక తెల్లకాగితం పట్టుకుని, రెండూ దాదాపు ఒకేలా కనిపించేదాకా తగ్గించండి. వెలుగు కొలిచే పరికరం ఉంటే చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉంచితే చాలు.

తర్వాత కాగితం సంగతి. మ్యాట్ పేపర్ (మెరుపు లేనిది) మీద నలుపు, బెరైటా పేపర్ (బేరియం పూతతో కొంచెం మెరిసేది) మీద వచ్చినంత గాఢంగా రాదు. అయినా బొగ్గు మెత్తదనం కోసం నేను మ్యాట్‌నే ఎంచుకుంటాను. ఆ పేపర్ ప్రొఫైల్‌తో (దాని మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్) సాఫ్ట్ ప్రూఫ్, అంటే స్క్రీన్ మీదే ప్రింట్ నమూనా, చూసుకోండి. ఫైల్‌లోని నలుపును పేపర్ ఇవ్వగల నలుపుకు సర్దే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఆన్‌లో ఉంచండి. ఇంకు మ్యాట్ బ్లాక్ (మ్యాట్ పేపర్ కోసం చేసిన నలుపు) అయి ఉండాలి. అప్పటికీ ముద్దగానే ఉంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని కర్వ్స్‌లో అడుగు భాగాన్ని (చీకటి ఛాయల్ని) మాత్రం కొంచెం పైకి లేపండి. బొమ్మ మొత్తానికి బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిద రంగుకు తిరిగిపోతుంది.

మొత్తం షీట్ వేసే ముందు, అన్నిటికంటే చీకటిగా ఉన్న చోట చిన్న ముక్కను అసలు సైజులోనే ప్రింట్ తీయండి. సాలీడు ఒంటి మీది నూగు విడివిడిగా కనిపించాలి. ఆ ముక్కను బొమ్మ తగిలించబోయే గదిలో, రాత్రి వేసే లైటు కిందే చూడాలి.

నలుపు ఆకుపచ్చగానో గులాబీగానో కొడుతోంది

చాలాసార్లు సాఫ్ట్‌వేరూ ప్రింటర్ డ్రైవరూ రెండూ రంగును సరిచేయబోవడం వల్లే ఇలా అవుతుంది. ఒకదాంట్లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. రంగు ఇంకులు కలిపి బూడిద రంగు తయారుచేసే ప్రింటర్లలోనూ ఈ తేడా వస్తుంది. అప్పుడు రెండు మూడు గ్రే ఇంకులున్న ప్రింటర్ దగ్గరికి వెళ్లడమే మేలు.

కాగితం నీలితెలుపుగా, బొమ్మ ఫొటోకాపీలా ఉంది

రెడాన్ లిథోగ్రాఫులు చాలావరకు పల్చటి చైనా కాగితం మీద అచ్చయ్యాయి. ఆ కాగితాన్ని మందపాటి కాగితానికి అతికించేవారు. అందుకే వాటి తెలుపులో కొంచెం వెచ్చదనం ఉంటుంది. ఫైల్‌ను బ్లాక్ అండ్ వైట్‌కు మార్చి, తెల్లదనం పెంచే రసాయనాలు (బ్రైటెనర్లు) ఉన్న పేపర్ మీద వేస్తే అది కాస్తా ఎగిరిపోతుంది. ఫైల్‌ను కలర్‌లోనే ఉంచి, బ్రైటెనర్లు లేని కాటన్ పేపర్ వాడండి. ఆ రసాయనాల శక్తి తగ్గేకొద్దీ కాగితం పసుపెక్కే ఇబ్బందీ ఉండదు. ఖర్చు ఎక్కువే, కానీ ఈ బొమ్మలకు అది అవసరం.

ఆకాశంలో గీతలు, మెట్లు

ప్రింటర్ హెడ్ కదిలే దిశలో సన్నని తెల్లగీతలుంటే నాజిల్ (ఇంకు చిమ్మే రంధ్రం) మూసుకుపోయింది. నాజిల్ చెక్ ప్రింట్ తీసి, క్లీనింగ్ చేయండి. నునుపుగా మారాల్సిన చోట మెట్లు కనిపిస్తే తప్పు ఫైల్‌ది: ఛాయలు తక్కువుండే 8 బిట్ జేపెగ్‌లో వెలుగునీడల్ని బాగా సాగదీశారన్నమాట. మొదటి నుంచీ ఛాయలు ఎక్కువుండే 16 బిట్‌లో పనిచేసి, చివర్లో కొంచెం గ్రెయిన్ (సన్నటి చుక్కల గరుకుదనం) కలపండి.

బొమ్మ మసకగా ఉంది

పిక్సెళ్లు చాలలేదు. 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఏ3 సైజుకి 3508×4961 పిక్సెళ్లు కావాలి. లేకపోతే సైజు తగ్గించండి.

ఫ్రేమ్ కట్టాక గదే కనిపిస్తోంది, అద్దం లోపల పొగ పట్టింది

నల్లబొమ్మ మీద మామూలు అద్దం పెడితే ఎదురుగా ఉన్న కిటికీ, ట్యూబ్‌లైటు అన్నీ అందులోనే కనిపిస్తాయి. యాంటీ రిఫ్లెక్టివ్ గ్లాస్ వేయించండి, లేదా బొమ్మను పక్క గోడకు మార్చండి. పొగ మాత్రం ఇంకు నుంచి ఇంకా ఆవిరి వస్తుండగానే మూసేయడం వల్ల పడుతుంది. అద్దం విప్పి తుడిచి, ప్రింట్‌ను కనీసం ఒక రోజు గాలికి ఆరనివ్వండి. తర్వాత మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) పెట్టి, అద్దం ప్రింట్‌కు తగలకుండా ఫ్రేమ్ కట్టించండి.