పాప్-అప్ హెడ్‌లైట్ లేవకపోతే

మొదటితరం మజ్దా ఎంఎక్స్-5 కారులో బానెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లు రెండూ లేవకపోతే ముందు రిట్రాక్టర్ (లైట్లను లేపి దించే మోటార్ల) ఫ్యూజు, తర్వాత రిలే, స్విచ్ చూడండి. ఒక్కటే మొరాయిస్తే తప్పు చాలావరకు ఆ పక్క మోటారులోనో, కనెక్టర్‌లోనో, ఎర్త్ వైరులోనో ఉంటుంది.

చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. లైటు హఠాత్తుగా లేస్తే వేళ్లు నలుగుతాయి, ఇది మాత్రం మరవద్దు. మోటారు మీది రబ్బరు మూత తీసి నాబ్ చేత్తో తిప్పండి. బిగుసుకుంటే చాలావరకు లింకేజీ (మోటారును లైటుకు కలిపే కడ్డీలు) తుప్పు పట్టినట్టే: శుభ్రం చేసి లిథియం గ్రీజు రాయండి. సులువుగా తిరిగితే బ్యాటరీ కలిపి, స్విచ్ వేసి, కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టులు వస్తున్నా, ఎర్త్ బాగున్నా కదలకపోతే మోటారు పోయినట్టే.

ఆగకుండా లేస్తూ దిగుతూ ఉంటే చాలావరకు మోటారు లోపలి లిమిట్ కాంటాక్టులు (లైటు పైకో కిందికో చేరగానే మోటారును ఆపేవి) మాసినట్టే. కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి చూడండి. హైదరాబాద్ వానలకు కనెక్టర్లు పచ్చబారతాయి, తేమ చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. మామూలు రిలేలు, టెర్మినళ్లకు సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ వెళ్లొచ్చు.