కవరు మీద జ్వరం తేదీ రాయండి

సంక్రాంతికి చెన్నై, హైదరాబాద్ వలస వెళ్లినవాళ్లు కిక్కిరిసిన రైళ్లలో వచ్చి పలాసలో, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగుతారు. ఫ్లూ కూడా వాళ్ల వెంట ఇంటికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫ్లూ టీకా ఇప్పుడే వేయించండి. అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది.

నాకు ఎక్కువ బెంగ స్కాన్ల గురించే. మా అమ్మకు జ్వరం వచ్చిన రెండో రోజే ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ తీయించాం. ‘ఏమీ లేదు’ అన్నారని నిశ్చింతగా ఉన్నాం. ఎనిమిదో రోజుకు ఆమె మూడు మెట్లెక్కి ఆయాసంతో గడప పట్టుకుని నిలబడిపోయింది.

స్కాన్ తప్పు కాదు, తొందర మాది. ఫ్లూ, కోవిడ్ లాంటి వైరస్‌లు ఊపిరితిత్తులకు పాకితే వచ్చే వైరల్ నిమోనియాలో మొదటి రెండు మూడు రోజులు సీటీ మామూలుగానే ఉండవచ్చు. తర్వాత ఊపిరితిత్తుల అంచుల్లో, ఆవిరి పట్టిన అద్దంలా మసక కనిపిస్తుంది. కోవిడ్‌లో చాలామందికి ఆ మసక సుమారు పదో రోజు దాకా పెరిగింది, అక్కడక్కడా గట్టిపడి తెల్లబడింది, రెండు వారాలు దాటాక కరగడం మొదలైంది. కొందరికి చారలు నెలల తరబడి మిగిలాయి. అందుకే సీటీ రిపోర్టులో ఊపిరితిత్తుల్లో మసక ఎంత ఉందో చెప్పే స్కోరు ‘25కి 9’ అని ఉంటే అది ఎన్నో రోజు తొమ్మిదో చూడాలి. నాలుగో రోజైతే ఇంకా పెరగవచ్చు, ఇరవయ్యో రోజైతే తగ్గుతూ ఉండవచ్చు. జ్వరం మొదలైన తేదీని ఫిల్ము కవరు మీద పెన్నుతో రాయండి. పాత ఫిల్ములు పారేయకండి, రేకుల కింద అటక మీదా పెట్టకండి. కొన్ని రకాలు వేడికి నల్లబడతాయి.

రోజూ చూడాల్సింది ఆక్సిజన్. గోళ్ల రంగు తుడిచి, చల్లబడిన చేతులను రుద్ది వెచ్చబరచి, ఆక్సిమీటరు పెట్టి నిమిషం కదలకుండా ఉంచండి. అంకె 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, మనిషి తికమకగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఉద్దానం వాళ్లకు ఒక మాట. కిడ్నీ జబ్బు ఉంటే స్కాన్‌కు ముందే చెప్పండి. కొన్ని స్కాన్లకు నరంలోకి ఎక్కించే రంగు మందు కిడ్నీలకు భారం కావచ్చు; ఊపిరితిత్తుల మామూలు సీటీకి అది ఎక్కించనక్కర్లేదు. ఒంటినొప్పులకని దుకాణంలో నొప్పి మాత్రలు కొని వేసుకోకండి, కిడ్నీలు ఇంకా దెబ్బతినవచ్చు.

కోలుకుంటున్న మనిషికి వారం వారం సీటీ అక్కర్లేదు. ఆరు నుంచి పన్నెండు వారాలకు డాక్టరు చెప్పినప్పుడు ఎక్స్‌రే తీయించండి. అప్పటికీ మచ్చ పోకపోతే, ముఖ్యంగా బీడీ, చుట్ట కాల్చేవాళ్లు, ‘ఆ జ్వరం మచ్చేలే’ అని వదిలేయకండి. క్షయ, కేన్సర్ కావేమో పరీక్ష చేయించండి.