కుటుంబం కోసం మొదటి జెట్ స్కీ: టెక్సస్ సరస్సుల మీద ఏది నప్పుతుంది?

డల్లస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన మన కుటుంబాలకు నీటి కరవు లేదు. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ సరస్సులు ఇంటికి దగ్గరలోనే ఉన్నాయి. తెల్లవారగానే బయలుదేరితే ఉత్తరాన ఉన్న రే రాబర్ట్స్, టెక్సోమా సరస్సులకు కూడా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒకటి రెండు వేసవుల పాటు జెట్ స్కీని, అంటే నీటి మీద మోటారు సైకిల్‌లా కూర్చుని నడిపే బండిని, గంట లెక్కన అద్దెకు తీసుకుని నడిపిన వారికి, సొంతంగా ఒకటి కొనుక్కుంటే బాగుంటుందన్న ఆలోచన రావడం సహజం. అలా అనుకునే వారి కోసమే ఇది రాస్తున్నాను.

పేర్ల విషయం ముందే తేల్చుకుందాం. మనం అన్నింటినీ జెట్ స్కీ అనే పిలుస్తాం గాని, ఆ పేరు కవాసాకీ కంపెనీది. యమహా తన వాహనాన్ని వేవ్‌రన్నర్ అంటుంది, కెనడాకు చెందిన బీఆర్‌పీ సీ-డూ అంటుంది. వాడిన బండ్ల ప్రకటనలు వెతికేటప్పుడు ఈ మూడు పేర్లతోనూ వెతకాలి.

కొనబోయే వారు ముందుగా అడిగేది వేగం గురించి. నా ఉద్దేశంలో అది అన్నిటికంటే చివర అడగవలసిన ప్రశ్న. మొదట చూడవలసింది సీట్లు, మోయగల బరువు. ఇద్దరే ఉన్న కుటుంబమైనా మూడు సీట్లదే కొనమని చెబుతాను. ఎప్పుడైనా పిల్లలను ట్యూబు మీద కూర్చోబెట్టి లాగాలంటే నడిపేవారు ఒకరు, వెనక్కి తిరిగి చూస్తూ ఉండేవారు ఒకరు, ట్యూబులో ఉన్నవారు అలసిపోతే ఎక్కి కూర్చోవడానికి ఒక ఖాళీ సీటు కావాలి. చూసే మనిషికి 13 ఏళ్లు నిండి ఉండాలని, లేదా బండికి వెనక కనిపించే అద్దం ఉండాలని టెక్సస్ చట్టం చెబుతుంది. అద్దం ఉన్నా సరే, మనిషి ఉండటమే మేలు.

మూడు సీట్లు ఉన్నంత మాత్రాన ముగ్గురు పెద్దలను మోస్తుందని కాదు. సీ-డూ స్పార్క్ మూడు సీట్ల రకం మోయగలిగేది 450 పౌండ్లు, అంటే సుమారు 204 కిలోలు. అదే కంపెనీ జీటీఐ 600 పౌండ్లు, అంటే సుమారు 272 కిలోలు మోస్తుంది. 80 కిలోల తండ్రి, 65 కిలోల తల్లి, 30 కిలోల పిల్లవాడు కలిస్తే 175 కిలోలు. కాగితం మీద స్పార్క్‌కు సరిపోయినట్టే ఉంటుంది. తీరా నీటిలో దిగాక పక్కన పెద్ద పడవ వెళ్లి అలలు లేస్తే ఆ తేలికపాటి బండి ఊగే ఊపుకు వెనక కూర్చున్న వారికి గుండె జారుతుంది. పెట్రోలు ట్యాంకు కూడా స్పార్క్‌లో సుమారు 30 లీటర్లే, జీటీఐలో సుమారు 70 లీటర్లు. టెక్సోమా లాంటి విశాలమైన సరస్సులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు అవసరానికి అని లెక్క వేసుకుంటే ఆ తేడా ఎంతో తెలుస్తుంది. స్పార్క్ చెడ్డదని నేను అనడం లేదు. చిన్న కారుతో లాగవచ్చు, ధర తక్కువ, ఒకరో ఇద్దరో తిరగడానికి ముచ్చటగా ఉంటుంది. కాని ఇంటిల్లిపాదికీ ఒకే బండి అనుకుంటే జీటీఐ గాని, యమహా వీఎక్స్ గాని, కవాసాకీ ఎస్‌టీఎక్స్ 160 గాని చూడాలి.

నా దృష్టిలో అసలు పరీక్ష వేరే ఉంది. నీళ్లలో పడిన మనిషి తిరిగి ఎక్కగలగాలి. కొనే ముందు బండిని నీటిలో దింపనిస్తారేమో అడగండి. ఇంట్లో అందరికంటే బరువైన వారు లైఫ్ జాకెట్ వేసుకుని, ఇంజన్ ఆపి ఉండగా, లోతు నీటిలో వెనక వైపు నుంచి ఎక్కి చూడాలి. తడిసిన చేతులతో వెనక గట్టును పట్టుకుని, మోకాలు పైకి తెచ్చుకునేసరికి తేలిక బండి వెనక భాగం నీటిలోకి మునుగుతుంది, ముందు భాగం పైకి లేస్తుంది, ఒక్కోసారి పక్కకు ఒరిగి పైనున్న వారిని కూడా నీళ్లలో పడేస్తుంది. రెండుసార్లు ప్రయత్నించేసరికి భుజాలలో బలం అయిపోతుంది. అందుకే కిందికి మడత పడే మెట్టు ఉన్న మోడల్ తీసుకోవాలి, లేకపోతే విడిగా కొని బిగించుకోవాలి. బండి తలకిందులైతే ఏ వైపు తిప్పి నిలబెట్టాలో చూపే స్టిక్కర్ వెనక భాగంలో అంటించి ఉంటుంది. దానికి వ్యతిరేకంగా తిప్పితే ఇంజన్‌లోకి నీరు చేరవచ్చు. ఆ బాణం గుర్తును ఇంట్లో ప్రతి ఒక్కరికీ వేలు పెట్టి చూపించండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఈ బండికి చుక్కాని లేదు. అడుగు నుంచి నీటిని లాగి, లోపల తిరిగే ఇంపెల్లర్ అనే రేకుల చక్రంతో వెనక గొట్టం గుండా చిమ్మడం వల్ల ఇది ముందుకు పోతుంది. హ్యాండిల్ తిప్పితే తిరిగేది ఆ గొట్టమే. థ్రాటిల్ (వేగం పెంచే మీట) వదిలేస్తే నీటి ధార ఆగుతుంది, ధార ఆగితే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. కారు నడిపే అలవాటున్న మనకు ఎదురుగా ఏదైనా కనబడగానే కాలూ చేయీ వదిలేయడం సహజం, ఇక్కడ ప్రమాదం అంతా అందులోనే ఉంది. మొదటి వేసవిలో నేను పడవలు ఆపే డాక్ దగ్గరకు వస్తూ భయంతో థ్రాటిల్ పూర్తిగా వదిలి హ్యాండిల్ ఎడమకు తిప్పాను. బండి నా మాట వినలేదు. డాక్ అంచుకు కట్టిన రబ్బరుకు వెళ్లి తగిలింది. నా మోకాలు వాచింది, వెనక కూర్చున్న మా అబ్బాయి ముక్కు నా వీపుకు కొట్టుకుంది. మెల్లగా వస్తున్నాం కనుక అంతటితో పోయింది.

కాబట్టి బ్రేకు, రివర్సు ఉన్న మోడల్‌కు నాలుగు డబ్బులు ఎక్కువైనా పెట్టండి. సీ-డూలో ఐబీఆర్ అనే ఈ ఏర్పాటు 2009 మోడళ్లతో, యమహాలో రైడ్ అనేది 2015 మోడళ్లతో వచ్చింది. అదే ధరలో ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న పాత బండి, బ్రేకు ఉన్న చిన్న బండి రెండూ దొరికితే రెండోదే కొనాలి. 100 నుంచి 170 హార్స్‌పవర్ వరకు ఉంటే కుటుంబానికి చాలు. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసి శక్తి పెంచే పరికరం) ఉన్న ఇంజన్ల జోలికి మొదటిసారి వెళ్లవద్దు. వేగం అతిగా ఉంటుంది, పెట్రోలు తాగుతుంది, మరమ్మతు ఖర్చు కూడా ఎక్కువ. కొత్తగా నేర్చుకునే వారి కోసం వేగాన్ని పరిమితం చేసే తాళం గాని, సెట్టింగు గాని చాలా మోడళ్లలో ఉంటుంది. అది ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

బట్టల గురించి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చున్నీ, వదులు కుర్తా, విడిచిన జడ, నడుముకు వేలాడే తాడు వంటివి అడుగున నీరు లాగే చోటికి చేరితే ఇంపెల్లర్‌కు చుట్టుకుంటాయి. వెనకనుంచి జారిపడిన వారికి ఆ నీటి ధార తగిలితే శరీరం లోపల తీవ్ర గాయాలు అవుతాయి. అందుకే మందపాటి వెట్‌సూట్ నిక్కరు వేసుకోమని బండి మీదనే హెచ్చరిక రాసి ఉంటుంది. ఆడవారికి ఈ మాట చెప్పడానికి మొహమాటపడకూడదు. లైఫ్ జాకెట్ ప్రతి ఒక్కరూ వేసుకునే ఉండాలి, గాలి ఊదుకునే రకం ఈ బండ్ల మీద పనికిరాదు. పిల్లవాడికి జాకెట్ వేసి భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి. చెవుల దాకా జారితే అది పెద్దదని అర్థం.

చట్టం సంగతికి వస్తే, టెక్సస్‌లో 1993 సెప్టెంబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారు బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేస్తేనే దీన్ని ఒంటరిగా నడపాలి. 13 ఏళ్లలోపు పిల్లలు నడిపితే వారితో పాటు బండి మీద, నడిపే అర్హత ఉన్న 18 ఏళ్లు నిండిన పెద్దవారు ఉండి తీరాలి. ఇంజన్ ఆపే తాడు నడిపేవారికి తగిలించి ఉండాలి. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు నడపకూడదు. ఇతర పడవలకు, మనుషులకు, ఒడ్డుకు 50 అడుగుల లోపు ఉంటే అతి నెమ్మదిగా పోవాలి. 1993కు ముందు పుట్టిన తల్లిదండ్రులకు కోర్సు తప్పనిసరి కాకపోయినా, పిల్లలతో పాటు కూర్చుని చదవమని నా మనవి.

వాడినది కొంటున్నారా? అమ్మేవారు చెప్పే సంవత్సరం కంటే ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో మీటరులో చూడండి. ట్రైలర్ కిందికి వంగి అడుగు భాగాన్ని చేత్తో తడిమితే రాళ్లకు, మోళ్లకు గీసుకున్న గాట్లు తెలుస్తాయి. టార్చి లైటు వేసి పంపులోకి చూస్తే ఇంపెల్లర్ రేకుల అంచులు వంగాయో, సొట్టలు పడ్డాయో కనబడతాయి. గాల్వెస్టన్ సముద్ర తీరాన తిరిగిన బండి అయితే బోల్టుల మీద తెల్లటి పొడి, తుప్పు ఉంటాయి, దాన్ని వదిలేయండి. యమహా, కవాసాకీ ఇంజన్లు సరస్సు నీటితోనే చల్లబడతాయి. సీ-డూ ఇంజన్ కారులాగా కూలెంట్‌తో చల్లబడుతుంది గాని, దాని పొగగొట్టం భాగంలో సరస్సు నీరే తిరుగుతుంది. అందువల్ల 2021 ఫిబ్రవరి వంటి చలి వస్తే లోపల నిలిచిన నీరు గడ్డకట్టి పగుళ్లు రావచ్చు. ఆ చలికాలంలో బండి ఎక్కడ ఉంచారో, నీరు తీశారో లేదో అడగండి. బండి కాగితాలు వేరు, ట్రైలర్ కాగితాలు వేరు, రెండూ చేతిలో పడ్డాకే డబ్బు ఇవ్వాలి.

సరస్సు నుంచి బయటకు తీయగానే నీరంతా కారిపోనివ్వాలి, తరువాత తుడిచి ఆరబెట్టాలి. టెక్సోమాలో 2009లో బయటపడిన, సరస్సులకు హాని చేసే జీబ్రా ఆల్చిప్పలు ఇప్పుడు ఈ ప్రాంతంలోని చాలా సరస్సుల్లోకి పాకాయి. ఒక సరస్సు నీరు ఇంకో సరస్సుకు మోసుకెళ్లడం చట్టరీత్యా కూడా నేరమే.

మొదటి రోజు వారాంతంలో కాకుండా మామూలు రోజున ఉదయాన్నే వెళ్లండి. ఖాళీగా ఉన్న చోట ఒక పాత లైఫ్ జాకెట్‌ను నీటిలో వేసి, దాని వైపు నెమ్మదిగా వెళుతూ థ్రాటిల్ వదిలి హ్యాండిల్ తిప్పి చూడండి, బండి తిన్నగా పోవడం మీకే తెలుస్తుంది. మళ్లీ వచ్చి, ఈసారి కాస్త థ్రాటిల్ ఇస్తూ తిప్పండి. ఇంట్లో నడపబోయే ప్రతి ఒక్కరూ దాన్ని ఇరవైసార్లు చేసిన తరువాతే వెనక సీటులో పిల్లలను కూర్చోబెట్టండి.