వంపు వెన్నుతో కుట్టుపని: నొప్పి తగ్గించుకునే దారులు

ప్రొద్దుటూరులో నాకో చిన్న కుట్టు దుకాణం ఉంది. 27 ఏళ్లుగా ఊళ్లోవాళ్ల కొలతలు తీస్తున్నాను కానీ, నా ఒంటి కొలతలో తేడా ఉందని నలభై దాటాకే తెలిసింది. నా జాకెట్టు ఎప్పుడూ ఎడమవైపు పైకి లాక్కుపోయేది, కుడివైపు మడతలు పడేది. కటింగులో పొరపాటనుకుని రెండుసార్లు విప్పి కుట్టాను. మూడోసారి విసుగొచ్చి, చంక కింది నుంచి నడుము ఎముక దాకా రెండు పక్కలా మా చెల్లెలి చేత టేపు పెట్టించాను. ఎడమ 8 అంగుళాలు, కుడి ఏడుంబావు. గుడ్డలో తప్పేమీ లేదు, నా వెన్నే పక్కకు వంగింది.

ఎక్స్‌రేలో 28 డిగ్రీలని తేలింది. వంపు 10 డిగ్రీలకు చేరితే స్కోలియోసిస్ అంటారు, తెలుగులో పార్శ్వగూని. ఎదుగుదల ఆగాక 30 డిగ్రీల లోపు వంపు సాధారణంగా పెద్దగా పెరగదని, 50 డిగ్రీలు దాటితే ఏడాదికి సుమారు ఒక డిగ్రీ పెరగవచ్చని డాక్టరు చెప్పారు. పెద్దవాళ్ల వంపును ఏ ఇంటి చిట్కా తిన్నగా చేయదు. చేస్తామనేవాళ్ల దగ్గరికి పోకండి. నేను పోయాను. ఆయన నడుము పట్టుకుని ఒక్క విరుపు విరిచాడు. నాలుగు రోజులు మంచం దిగలేదు. పెళ్లివారి జాకెట్లు ఆరు వేరే దుకాణానికి అప్పగించాల్సి వచ్చింది.

ముందు మీది ఏ నొప్పో చూసుకోండి. నడుములో బరువుగా, మొద్దుగా ఉండేది ఎక్కువగా కండరాలది. ఒక పక్క కండరాలు రోజంతా వెన్నును లాగి పట్టుకుని అలిసిపోతాయి. పిరుదు నుంచి తొడ వెనకగా పాదం దాకా జివ్వున దిగేది, చీమలు పాకినట్టుండేది నరానిది. వంపు లోపలి పక్కన నరం బయటికి వచ్చే సందు ఇరుకైపోతుంది.

కండరాల నొప్పికి కాపడాన్ని మించింది నాకు దొరకలేదు. కల్లుప్పు వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, ముందు మోచేతి లోపలివైపు తాకించి చూసి 15 నిమిషాలు పెట్టుకుంటాను. మే నెలలో మా ఊళ్లో కాపడం అంటే నవ్వుతారు. అందుకే తెల్లవారకముందే ఆ పని ముగిస్తాను. షుగరుతో చర్మం మొద్దుబారినవాళ్లకు కాలినా తెలియదు, వాళ్లు మానుకోవాలి. వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం కూడా హాయిగానే ఉంటుంది. ఆ మేలులో ఎక్కువ పాలు వేడినీళ్లదేనని నా అనుమానం.

అసలు మార్పు వచ్చింది మిషను దగ్గర. వెనుకటికి పొద్దున్నే ఆరు బాబిన్లు చుట్టి పెట్టుకుని, మధ్యాహ్నం దాకా లేచేదాన్ని కాదు. ఇప్పుడు ఒక్కటే చుట్టుకుంటాను. దారం అయిపోతే లేవక తప్పదు, బాబిన్ చుట్టే మోటారును కావాలనే గది అవతలి గోడ దగ్గర పెట్టించాను. లేచినప్పుడల్లా కుడి అరచేయి కుడి పక్కటెముకల మీద ఆనించి, ఆ చేతిని బయటికి నెట్టేలా నెమ్మదిగా ఊపిరి పీలుస్తాను. అలా అయిదు సార్లు. నొక్కుకుపోయిన పక్కకు ఊపిరి నింపడమనే ఈ పద్ధతికి ఆద్యురాలు జర్మనీకి చెందిన కాథరీనా ష్రోత్. తన వెన్నూ వంగినదే కాబట్టి ముందు తన మీదే ప్రయత్నించి, 1921లో ఇతరులకు నేర్పడం మొదలుపెట్టారు. ఏ పక్కన చేయాలో మాత్రం ఫిజియోథెరపిస్టు చేత చూపించుకోండి. నేను రెండు వారాలు ఎడమ పక్కన చేసి, నొప్పి పెంచుకున్నాను.

కటింగు నేల మీద కూర్చుని చేయడం మానేశాను. బల్ల కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాక వంగే పని తగ్గింది.

నరం లాగినప్పుడు కడప బండల నేల మీద దుప్పటి పరిచి వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ స్టూలు మీద పెట్టి పది నిమిషాలు ఉంటాను. నడుము నేలకు ఆని, నరానికి కాస్త చోటు దొరుకుతుంది. నొప్పి సద్దుమణిగాక కుర్చీలో కూర్చుని, మోకాలు నెమ్మదిగా చాచి, పాదం పైకి లేపి, దించుతాను. పదిసార్లు చాలు. చాచి బిగపట్టకూడదు, నరం రబ్బరు కాదు. ఏ వ్యాయామానికైనా నాది ఒకటే గుర్తు: కాలి నొప్పి పైకి నడుము వైపు జరిగితే మంచిది, కిందికి పాదం వైపు దిగితే వెంటనే ఆపాలి.

రాత్రి పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. నాది కత్తిరింపు ముక్కలు కూరి కుట్టుకున్నది. రోజూ అరగంట నడక ఉండాలి, అయితే చదునైన చోట. పెన్నా ఇసుకలో నడిస్తే మంచిదని ఎవరో చెబితే విన్నాను, మర్నాటికి నడుము పట్టేసింది. కాళ్లలో మంటలుంటే రక్తంలో బి12 కూడా చూపించుకోండి, దాని లోపం వల్లా నరాలు దెబ్బతింటాయి.

మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, నడుస్తుంటే పాదం పైకి లేవక వేలాడి చెప్పు నిలవకపోయినా కాపడాలు కట్టిపెట్టి ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో కూడిన నడుము నొప్పినీ ఇంట్లో ఉంచుకోవద్దు.

ఇప్పుడు ఓణీల ఫంక్షనుకు కొలతలిచ్చే పిల్లలకు రెండు పక్కలా టేపు పెడుతున్నాను. అర అంగుళం తేడా కనిపిస్తే, కాళ్లు దగ్గర పెట్టి ముందుకు వంగమంటాను. వీపు ఒక పక్క ఎత్తుగా లేస్తే తల్లిని పక్కకు పిలిచి, ఎముకల డాక్టరుకు చూపించమని చెబుతాను. ఎదిగే వయసులో నడుముకు బెల్టులా తొడిగే బ్రేసుతో చాలామందికి వంపు పెరగకుండా ఆపవచ్చు. కిందటి వేసవిలో ఒకావిడ, "జాకెట్టు కుట్టమంటే జబ్బులు చెబుతావేమమ్మా" అని విసుక్కుని వెళ్లింది. దసరాకు మళ్లీ వచ్చి, బ్రేసు మీదికి సరిపోయేలా వదులుగా రెండు కుర్తాలు కుట్టమంది.