తాబేళ్ల తీరం: తరతరాల లెక్క రాసుకునే తీరు

తరాలుగా సముద్రం ఒడ్డున ఉంటున్న ఇళ్లలో "ఒకప్పుడు తాబేళ్లు ఇంతకన్నా ఎక్కువ వచ్చేవి" అన్న మాట వినపడుతూనే ఉంటుంది. ఎంత ఎక్కువో తేలాలంటే రాత ఉండాలి. ఎవరు రాసినా ఒకే పద్ధతిలో రాయాలి.

ముందు లెక్క వేసే తీరానికి హద్దులు. రోజూ నడవగలిగినంత మేరే తీసుకోండి, రెండు కిలోమీటర్లయినా చాలు. సరుగుడు చెట్టునో ఇసుక దిబ్బనో గుర్తు పెట్టుకుంటే ఒక్క తుఫానుకు పోతుంది. రెండు కొసల అక్షాంశ రేఖాంశాలు ఫోన్లో చూసి పుస్తకం మొదటి పేజీలో రాయండి.

ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి. తెల్లవారుతుండగానే బయల్దేరండి. పొద్దెక్కితే తాబేలు ఇసుక మీద పాకిన జాడ గాలికి చెరుగుతుంది, పశువులు తొక్కేస్తాయి. రిడ్లే కాళ్లు మార్చి మార్చి వేస్తుంది కాబట్టి రెండు వైపుల గుర్తులూ ఎదురెదురుగా ఉండవు. జాడ పైకెక్కిన చోట ఇసుక చెదిరి, ఒంటితో అణిచినట్టు ఉంటే గూడు. ఇసుక కదలకుండా వెనక్కి మళ్లితే అది ఉత్త జాడ, వేరే గడిలో రాయాలి. రాయడం అయ్యాక జాడకు అడ్డంగా కాలితో గీత గీయండి. లేకపోతే మర్నాడు అదే మళ్లీ లెక్కలోకి వస్తుంది.

గూడు తవ్వకండి. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోవచ్చు. కుక్కల భయమో కెరటాల భయమో ఉంటే వెంటనే అటవీ శాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఇది. గూడు తేదీ రాసి ఉంటే పిల్లలు ఎప్పుడొస్తాయో అంచనాకు అందుతుంది: సుమారు 45 నుంచి 60 రోజులు. ఆ రాత్రుళ్లు ఒడ్డు వైపు దీపాలు ఆర్పేయండి, పిల్లలు వెలుగు వైపే పాకుతాయి.

అన్నిటికంటే ముఖ్యం సున్నా. నడిచినా ఏమీ కనపడని రోజున 0 వేయండి, నడవని రోజున అడ్డగీత. గడి ఖాళీగా వదిలితే ఆ రోజు తాబేలు రాలేదో మనిషి వెళ్లలేదో పదేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. పెన్సిల్‌తోనే రాయండి, ఉప్పుతేమకు సిరా అలుక్కుపోతుంది.

పుస్తకం చేతులు మారేటప్పుడు పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒక వారం కలిసి నడవాలి. ఎవరి లెక్క వాళ్లు విడిగా రాసుకుని, ఒడ్డు వదలకముందే సరిచూసుకోండి. తేడా ఎక్కువగా ఉత్త జాడల దగ్గరే వస్తుంది. ఇద్దరూ ఆ జాడ దగ్గరికి తిరిగి వెళ్లి, తేల్చుకున్నాకే అంకె వేయండి.