ల్యాప్‌టాప్ టెంపరేచర్ తప్పుగా చూపిస్తోందా? ఇలా చేయండి

మే నెలలో విశాఖలో ఏసీ లేని గదిలో పని చేస్తుంటే ల్యాప్‌టాప్ 85 డిగ్రీలు చూపించడం వింతేం కాదు, ఆ అంకెను నమ్మండి. ఉన్నట్టుండి 153 అనో మైనస్ 128 అనో కనిపించి, మరుక్షణం 52కి వచ్చేస్తే మాత్రం అది వేడి కాదు, తప్పు రీడింగ్. టెన్షన్ పడకండి, లినక్స్ అయితే ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ముందు టెంపరేచర్ రీడింగులు చూపించే ఎల్ఎం-సెన్సార్స్ ప్యాకేజీ వేసుకుని, అందులోని సెన్సార్స్ కమాండ్‌ని వాచ్ అనే కమాండ్‌తో కలిపి నడపండి, రెండు సెకన్లకోసారి కొత్త రీడింగ్ వస్తుంది. ప్రాసెసర్ కోర్ క్షణంలో 20 డిగ్రీలు ఎగబాకడం మామూలే కాబట్టి దూకుడు చూసి తప్పనుకోవద్దు, అసాధ్యమైన అంకె కోసం చూడండి. మద్దిలపాలెంలో మీ గదిలోనే 34 ఉంటే ఫ్యాన్ లాగేది ఆ గాలినే, అలాంటప్పుడు గంటసేపు నడిచిన ప్రాసెసర్ 20 ఎలా చూపిస్తుంది? కెర్నెల్ (లినక్స్‌కి గుండెలాంటి భాగం) ఇచ్చే టెంపరేచర్ ఫైల్ నేరుగా తెరిస్తే 52000 అని ఉంటుంది, అది 52 డిగ్రీలే, వెయ్యో వంతుల్లో రాస్తారు.

ఒకే సెన్సార్ ఎప్పుడూ మైనస్ 128 దగ్గరే ఉంటే, చాలావరకు అక్కడ సెన్సార్ లేనట్టే. సెన్సార్స్ కాన్ఫిగ్ ఫైల్లో ఆ చిప్ కింద దానికి ఇగ్నోర్ అని రాస్తే సరి. ఇది చూపించడాన్ని మాత్రమే ఆపుతుంది, డ్రైవర్‌లో, అంటే సెన్సార్‌ని చదివే ప్రోగ్రామ్‌లో, ఏమీ మారదు.

అప్పుడప్పుడు వచ్చే తప్పుని డ్రైవర్‌లోనే పట్టుకోవాలి. డెల్ ల్యాప్‌టాప్‌ల కోసం కెర్నెల్లో ఉన్న డ్రైవర్ చూడండి, నాకు బాగా నచ్చిన పద్ధతి. 153 వస్తే 100 మిల్లీసెకన్లు ఆగి ఇంకోసారి చదువుతుంది, అప్పటికీ అంకె 127 దాటి ఉంటే డేటా లేదని ఎర్రర్ ఇస్తుంది. ఆపి ఉన్న గ్రాఫిక్స్ చిప్‌ని అడిగితే 193 రావచ్చు, దానికీ ఇదే ఎర్రర్. మీరు కోడ్ రాస్తుంటే తప్పు అంకె బదులు సున్నా మాత్రం పెట్టొద్దు. అది చూసి ఫ్యాన్ ప్రోగ్రామ్ చల్లగానే ఉందనుకుని ఫ్యాన్ తగ్గించేస్తుంది, లోపల ప్రాసెసర్ ఉడికిపోతుంటుంది.

కోడ్ జోలికి వెళ్లనివాళ్లు బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్), కెర్నెల్ అప్‌డేట్ చేసి చూడండి. తగ్గకపోతే మోడల్, బయోస్ వెర్షన్, కెర్నెల్ వెర్షన్, తప్పు అంకె వచ్చిన టైమ్ రాసి డ్రైవర్ చూసేవాళ్లకి బగ్ రిపోర్ట్ పెట్టండి. ఈలోగా వేడెక్కితే షట్‌డౌన్ అయ్యే సెట్టింగ్‌ని ఎవరు చెప్పినా ఆపొద్దు. సరిచేశాక ఓ పెద్ద వీడియో కన్వర్ట్‌కి పెట్టి, రీడింగ్‌తో పాటు ఫ్యాన్ స్పీడూ పెరుగుతోందో లేదో చూడండి.